అంతరిక్షానికి వెళ్ళినా ఆటలమ్మ వెంటే!

హ్యూస్టన్ అంటే మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది చుట్టాలు. కేటీలోనో, షుగర్‌లాండ్‌లోనో ఒక అక్కో, ఒక బాబాయో ఉంటారు. వీకెండ్ వెళ్తే పొద్దున పియర్‌లాండ్‌లో మీనాక్షి అమ్మవారి గుడి, మధ్యాహ్నం బిర్యానీ, ఆ తర్వాత టైముంటే "నాసా చూసొద్దామా?" అంటారు. నా మాట వినండి. ఆ మూడోదాన్ని మొదటికి మార్చి, దానికి రోజంతా ఇచ్చేయండి.

ఆఫీసు పని మీద మూడు నెలలు డల్లాస్‌లో ఉన్నప్పుడు, ఒక లాంగ్ వీకెండ్ చూసుకుని మా పెదనాన్నగారి అబ్బాయి ఇంటికి వెళ్ళాను. డల్లాస్ నుంచి కారులో దాదాపు నాలుగు గంటలు. మర్నాడు అన్నయ్య, వదిన, వాళ్ళబ్బాయి చింటూ, నేను నాసాకి బయల్దేరాం. అందరూ అక్కడికి రాకెట్లు చూడ్డానికి వెళ్తారు. నేను వెళ్ళింది మాత్రం ఒక వైరస్ కథ కోసం. ఆ సంగతి కాసేపట్లో చెప్తాను.

రాకెట్ల పక్కన ఆవుల మంద

హ్యూస్టన్ డౌన్‌టౌన్ నుంచి దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్లు వెళ్తే క్లియర్ లేక్ అనే ప్రాంతం వస్తుంది. అక్కడ రోడ్డు పేరే నాసా పార్క్‌వే. జాన్సన్ స్పేస్ సెంటర్ 1,620 ఎకరాల్లో ఉంటుంది. అమెరికా వ్యోమగాములు ట్రైనింగ్ తీసుకునేది, అంతరిక్షంలో ఉన్నప్పుడు మాట్లాడేది, తిరిగొచ్చాక కోలుకునేది అన్నీ ఇక్కడే. దాని పక్కనే మనలాంటివాళ్ళ కోసం 1992లో తెరిచిన మ్యూజియం ఉంది. దాని పేరు స్పేస్ సెంటర్ హ్యూస్టన్.

గేటు దగ్గరే జంబో జెట్ వీపు మీద కూర్చున్న స్పేస్ షటిల్ నమూనా కనిపిస్తుంది. లోపల అపోలో 17 వాళ్ళు చంద్రుడి దగ్గర్నుంచి వెనక్కి వచ్చిన అసలు క్యాప్సూల్ ఉంది. చంద్రుడి రాయిని వేలితో తాకొచ్చు. కోట్లమంది వేళ్ళు తగిలి అది మన ఇంట్లో గ్రానైట్ గట్టులా నున్నగా అయిపోయింది. అక్కణ్ణుంచి ట్రామ్ ఎక్కితే అసలు సెంటర్ లోపలికి తీసుకెళ్తారు. దారిలో కంచె అవతల బారెడు కొమ్ములతో లాంగ్‌హార్న్ ఆవులు మేస్తుంటాయి. స్థానిక స్కూలు పిల్లలు వాటిని పెంచే ప్రాజెక్టు ఒకటి అక్కడే నడుస్తోంది. "నాసాలో గొడ్లేంట్రా" అని అన్నయ్య నవ్వాడు. వదిన మాత్రం రాకెట్లకంటే వాటికే ఎక్కువ ఫొటోలు తీసింది.

ముక్కు కారని జలుబు

ట్రామ్ టూర్లలో తప్పనిసరిగా చూడాల్సింది 30వ నంబరు భవనంలో అపోలో కాలంనాటి మిషన్ కంట్రోల్ గది. 2019లో దాన్ని 1969 నాటి రూపానికి తెచ్చారు. బల్లల మీద ఆనాటి యాష్‌ట్రేలు, కాఫీ కప్పులు, ఫైళ్ళు ఎలా ఉండేవో అలాగే పెట్టారు. అద్దం వెనక పాత కుర్చీల్లో కూర్చుని చూడాలి.

అక్కడ కూర్చున్నప్పుడు చింటూ ఒక ప్రశ్న వేశాడు. "బాబాయ్, స్పేస్‌లో జలుబు చేస్తే ముక్కు కారుతుందా?"

వాడు సరదాగా అడిగాడు కానీ, ఈ భవనంలో ఒకప్పుడు అదే పెద్ద తలనొప్పి అయింది. 1968 అక్టోబర్ 11న అపోలో 7 పైకి వెళ్ళింది. లోపల ముగ్గురు: వాలీ షిర్రా, డాన్ ఐజెలీ, వాల్టర్ కనింగ్‌హామ్. వెళ్ళిన రోజే షిర్రాకి జలుబు పట్టుకుంది. భూమ్మీదైతే చీమిడి కిందికి జారుతుంది. అక్కడ కింద అనేదే లేదు కదా, అది ముక్కులో, సైనస్‌లలో అలాగే నిండిపోయి ఉంటుంది. చీది చీది టిష్యూలు తగ్గిపోయాయి, జలుబు మాత్రలు వేసుకున్నారు, చిరాకు పెరిగింది. కిందనున్న కంట్రోలర్లతో గొడవలు పడ్డారు. తిరిగొచ్చేటప్పుడు హెల్మెట్ పెట్టుకోమని కిందనుంచి ఎంత చెప్పినా వినలేదు. హెల్మెట్ ఉంటే ముక్కు చీదలేం, పీడనం మారేటప్పుడు చెవి కర్ణభేరి పోతుందని వాళ్ళ భయం. చివరికి హెల్మెట్ లేకుండానే దిగారు. ముగ్గురిలో ఎవరూ మళ్ళీ అంతరిక్షానికి వెళ్ళలేదు. కొసమెరుపేంటంటే, షిర్రా తర్వాత జలుబు మాత్రల ప్రకటనల్లో నటించాడు.

అపోలో 13లో ఫ్రెడ్ హేజ్‌కి మూత్రనాళ ఇన్ఫెక్షన్ వచ్చింది. మొత్తమ్మీద అపోలో వ్యోమగాముల్లో సగం మందికి ప్రయాణంలోనో, దిగిన వారంలోపో ఏదో ఒక ఇన్ఫెక్షన్ సోకింది. వాళ్ళేం మామూలు మనుషులు కాదు. టెస్ట్ పైలట్లు, లక్షల్లో ఒకరిగా ఏరి తెచ్చిన ఆరోగ్యవంతులు. మరి వాళ్ళకే ఎందుకిలా?

అద్దం వెనక ముగ్గురు

మొదట్లో నాసాకి భయం వేరేలా ఉండేది. చంద్రుడి నుంచి ఏదైనా క్రిమి వస్తుందేమోనని! అందుకే అపోలో 11 నుంచి దిగిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, బజ్ ఆల్డ్రిన్, మైకేల్ కాలిన్స్‌లను నేరుగా ఒక ట్రైలర్‌లో పెట్టి తలుపేశారు. అధ్యక్షుడు నిక్సన్ కూడా కిటికీ అద్దం ఇవతల నిలబడే అభినందించాడు. ఆ ట్రైలర్‌ని హ్యూస్టన్ తెచ్చి, ఇక్కడి లూనార్ రిసీవింగ్ ల్యాబ్‌లో ఉంచారు. చంద్రుడి మీంచి బయల్దేరిన దగ్గర్నుంచి లెక్కేసి 21 రోజుల క్వారంటైన్. ఆగస్టు 10న బయటికి వదిలారు. కోవిడ్‌లో మనం పడ్డ పాట్లు వాళ్ళు 1969లోనే పడ్డారన్నమాట.

చంద్రుడి మీద క్రిమీ లేదు, కీటకమూ లేదు. అపోలో 14 తర్వాత ఆ క్వారంటైన్ ఎత్తేశారు. కానీ ఈలోపు ఇంకో పాఠం అర్థమైంది. క్రిమి పైనుంచి రాదు, మనమే ఇక్కణ్ణుంచి మోసుకెళ్తాం. అపోలో 13కి ముందు కెన్ మ్యాటింగ్లీకి రుబెల్లా తగిలే అవకాశం ఉందని తెలిసి, చివరి క్షణంలో ఆయన్ని తప్పించి జాక్ స్వైగర్ట్‌ని పంపారు. తమాషా ఏంటంటే మ్యాటింగ్లీకి ఆ జబ్బు రానేలేదు. అప్పట్నుంచి, అంటే అపోలో 14 నుంచి, వెళ్ళేముందే క్వారంటైన్ పెట్టడం మొదలైంది.

ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది. మన శుభాంశు శుక్లానే చూడండి. 2025 మే 25న క్వారంటైన్‌లోకి వెళ్ళారు. ప్రయోగం వాయిదా మీద వాయిదా పడి జూన్ 25న గానీ ఎగరలేదు. అంటే నెల రోజులు! జులై 15న సముద్రంలో దిగాక, కోలుకోవడానికి ఆయన్ని తీసుకొచ్చింది కూడా ఈ హ్యూస్టన్‌కే.

క్వారంటైన్‌తో బయటి జబ్బుల్ని ఆపొచ్చు. మరి ఎప్పట్నుంచో ఒంట్లోనే దాక్కుని ఉన్నవాటిని?

టూర్‌లో చూపించని ల్యాబ్

ట్రామ్‌లో తిరిగేటప్పుడు నంబర్లు రాసిన తెల్లటి భవనాలు చాలా కనిపిస్తాయి. చూడ్డానికి మన పాత ప్రభుత్వ క్వార్టర్స్‌లా ఏ హడావుడీ లేకుండా ఉంటాయి. ట్రామ్ వాటి దగ్గర ఆగదు. కానీ ఈ సెంటర్ ల్యాబుల్లోనే దశాబ్దాలుగా వ్యోమగాముల రక్తం, ఉమ్మి, మూత్రం పరీక్షిస్తూ ఒక పెద్ద కథని బయటికి లాగారు. నేను వెళ్ళింది ఆ కథ కోసమే. దానికి కారణం మా అమ్మ.

రెండేళ్ళ కిందట మా నానమ్మ 40 రోజులు హాస్పిటల్లో ఉంది. రాత్రుళ్ళు ఆవిడ మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నది మా అమ్మే. నానమ్మ ఇంటికొచ్చిన వారానికి అమ్మకి ఎడమ పక్కటెముకల నుంచి వీపు దాకా పట్టీలా పొక్కులొచ్చాయి. పక్కింటి అత్తమ్మ చూసీ చూడగానే "ఇది అక్కి. ఎర్రమట్టితో అక్కి రాయించండి" అంది. డాక్టర్ పేరు మాత్రం వేరే చెప్పారు, హెర్పిస్ జోస్టర్ అని. మాత్రలు రాస్తూ ఆయన అడిగిన మొదటి ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఈమధ్య సరిగ్గా నిద్రపోయారా అమ్మా?"

చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందా మీకు? మన ఇళ్ళలో వేపాకులు పరిచి, 'అమ్మవారు పోసింది' అంటారే, అదే. పొక్కులు ఎండిపోతాయి, స్నానం పోస్తారు, మనం మర్చిపోతాం. ఆ వైరస్ మాత్రం వెళ్ళిపోదు. వెన్నుపాము పక్కన నరాల మొదళ్ళలో దూరి పడుకుంటుంది. మన రోగనిరోధక శక్తి దాన్ని కాపలా కాస్తూ ఉంటుంది. మా భాషలో చెప్పాలంటే, బ్యాక్‌గ్రౌండ్‌లో ఆపేసి పెట్టిన ప్రాసెస్ లాంటిది. డిలీట్ కాలేదు, అంతే. కాపలా సడలిన రోజు లేస్తుంది. అలా లేచినదే అక్కి.

అమ్మ జబ్బు గురించి చదువుతూ పోతే నాసా పేరు తగిలింది. అదే వైరస్ వ్యోమగాముల్లోనూ లేస్తోంది!

జాన్సన్ స్పేస్ సెంటర్‌లో సతీష్ మెహతా, డ్యూయెన్ పియర్సన్, బ్రయన్ క్రూషన్ లాంటి శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి దీని మీద పనిచేశారు. 2019లో అచ్చయిన లెక్కలు ఇవి. షటిల్‌లో కొద్ది రోజులు వెళ్ళొచ్చిన 89 మందిలో 47 మంది ఒంట్లో పడుకున్న హెర్పిస్ జాతి వైరస్‌లు లేచి, ఉమ్మిలోనో మూత్రంలోనో బయటికొచ్చాయి. అంటే 53 శాతం. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో నెలల తరబడి ఉన్న 23 మందిలో 14 మందికి అలాగే అయింది. అంటే 61 శాతం. మనుషుల్లో ఉండే హెర్పిస్ వైరస్‌లు ఎనిమిది రకాలైతే, వాటిలో నాలుగు కనిపించాయి. పెదవి మీద పొక్కులు తెచ్చేది, ఆటలమ్మది, ఇంకా ఎప్‌స్టీన్-బార్, సైటోమెగలో అనేవి.

కంగారు పడకండి. చాలామందికి పైకి ఏ లక్షణమూ లేదు. ఆరుగురికే కనిపించాయి. కానీ ఎంత ఎక్కువ రోజులుంటే వైరస్ అంత ఎక్కువగా బయటపడింది. దిగిన తర్వాత కూడా 30 రోజుల దాకా కొందరిలో కొనసాగింది. ఆరు నెలల తర్వాత ఇంటికొచ్చిన నాన్న పసిబిడ్డని ఎత్తుకుని ముద్దు పెట్టుకుంటే? పసివాళ్ళకి, ఒంట్లో శక్తి లేనివాళ్ళకి అది ప్రమాదం. అందుకే నాసా దీన్ని చిన్న విషయంగా వదిలెయ్యలేదు.

ఇందులో మనకి పనికొచ్చిన మేలు ఒకటుంది. వ్యోమగాముల కోసం ఉమ్మిలో ఆటలమ్మ వైరస్‌ని త్వరగా పట్టుకునే పరీక్ష ఒకటి ఈ శాస్త్రవేత్తలే తయారుచేశారు. అది భూమ్మీద రోగులకీ ఉపయోగపడింది.

కాపలావాళ్ళకి ఏమవుతుంది?

మన రక్తంలో టీ కణాలని కొన్ని తెల్ల రక్తకణాలుంటాయి. పాత శత్రువుని గుర్తుపెట్టుకుని, మళ్ళీ కనిపిస్తే సైన్యాన్ని లేపేది ఇవే. 1983 నవంబర్‌లో కొలంబియా షటిల్‌లో స్పేస్‌ల్యాబ్ వెళ్ళినప్పుడు, స్విట్జర్లాండ్‌కి చెందిన అగస్టో కోగోలి ఒక ప్రయోగం పంపాడు. మనిషి తెల్ల రక్తకణాల్ని పైకి తీసుకెళ్ళి, మామూలుగా వాటిని రెచ్చగొట్టే పదార్థం కలిపారు. కింద భూమ్మీద అదే కణాలు గబగబా స్పందించాయి. పైన వాటి స్పందన 90 శాతానికి పైగా పడిపోయింది. గురుత్వాకర్షణ లేకపోతే ఒక్క కణం కూడా తేడాగా ప్రవర్తిస్తుందని అప్పుడు తేలింది.

ఇంకో రకం కాపలావాళ్ళున్నారు. న్యాచురల్ కిల్లర్ కణాలు. వైరస్ పట్టిన కణం కనిపిస్తే పట్టుకుని చంపేస్తాయి. నెలల తరబడి అంతరిక్ష కేంద్రంలో ఉన్నవాళ్ళలో వీటి చంపే సామర్థ్యం దాదాపు సగానికి తగ్గినట్టు 2019లో ఇంకో పరిశోధన చెప్పింది.

అసలు గురుత్వాకర్షణ ఒక్కటే కారణమా? దాన్ని తేల్చడానికి శాస్త్రవేత్తలు రెండు వింత పనులు చేశారు.

ఒకటి, మనుషుల్ని నీళ్ళ మీద పడుకోబెట్టడం. పైన పల్చటి వాటర్‌ప్రూఫ్ గుడ్డ, కింద నీళ్ళు. ఒంటికి ఎక్కడా ఆధారం తగలదు. అలా ఎనిమిది మంది ఆరోగ్యవంతులు మూడు వారాలు పడుకున్నారు. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 2023లో ఆ ఫలితాలు చెప్పారు. టీ కణాల్లో జన్యువుల పనితీరు మారింది. ఇంతవరకూ శత్రువునే చూడని కొత్త రిక్రూట్లలా అవి మారిపోయాయి.

రెండోది అంటార్కిటికా. అక్కడ గురుత్వాకర్షణ మామూలే. కానీ శీతాకాలంలో నెలల తరబడి సూర్యుడుండడు, బయటికి వెళ్ళలేం, చూసిన మొహాలనే చూడాలి. అక్కడున్న వాళ్ళలోనూ పడుకున్న ఎప్‌స్టీన్-బార్ వైరస్ లేచింది!

అంటే గాల్లో తేలడం ఒక్కటే కాదు. ఒంటరితనం, ఒత్తిడి, నిద్రలేమి కూడా కారణాలే. అంతరిక్ష కేంద్రం 90 నిమిషాలకోసారి భూమిని చుట్టేస్తుంది. రోజుకి 16 సూర్యోదయాలు. మన ఒంట్లో గడియారానికి పిచ్చెక్కదూ? ఆపైన రేడియేషన్. ఎప్పుడూ ఫ్యాన్ల రొద. ఒత్తిడి పెరిగితే కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరుగుతాయి, అవి కాపలావాళ్ళని జోకొడతాయి. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా టైముకి పనిచేసేవాళ్ళకి, ప్రొడక్షన్ సపోర్ట్‌లో అర్ధరాత్రి ఫోన్లు ఎత్తేవాళ్ళకి ఇందులో సగం జాబితా నేను వివరించక్కర్లేదు.

పైన ఇంకో చిక్కుంది. మన కాపలా తగ్గడమే కాదు, అవతలివాడు బలపడొచ్చు. 2006లో అట్లాంటిస్ షటిల్‌లో సాల్మొనెల్లా బ్యాక్టీరియాని పెంచి తెచ్చి ఎలుకలకి ఇచ్చారు. భూమ్మీద పెంచిన దానికంటే అది ఎక్కువ ప్రమాదకరంగా తేలింది.

మన శిరీష బండ్ల లాగా 2021 జులైలో పైకెళ్ళి కొద్ది నిమిషాల్లో దిగొచ్చేవాళ్ళకి ఈ బెంగ లేదు. హైదరాబాద్ నుంచి వలస వెళ్ళిన ఇంజినీరు కొడుకు రాజాచారి లాగా దాదాపు ఆరు నెలలు ఉండేవాళ్ళది వేరే లెక్క. ఆయన కమాండర్‌గా వెళ్ళిన క్రూ-3 ప్రయోగం 2021 నవంబర్‌లో ఒకసారి వాయిదా పడింది. నలుగురిలో ఒకరికి చిన్న అనారోగ్యం. ఎవరికి, ఏమిటన్నది నాసా చెప్పలేదు. చిన్నదైనా సరే, ఆగాల్సిందే.

ఒకరు పైన, ఒకరు కింద

బిల్డింగ్ 9లో అంతరిక్ష కేంద్రం నమూనా గదులుంటాయి. పైన గ్యాలరీలోంచి నడుస్తూ చూడొచ్చు. అసలు కేంద్రంలో ఒక్కొక్కరికి పడుకోడానికి ఇచ్చే చోటు పాత ఎస్టీడీ బూత్ అంత. అలాంటి చోట స్కాట్ కెల్లీ 340 రోజులున్నాడు. 2015 మార్చి నుంచి 2016 మార్చి దాకా. అచ్చం అతనిలాంటి కవల సోదరుడు మార్క్ కెల్లీ కింద ఉన్నాడు. ఇద్దరి రక్తాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చారు.

2019లో వచ్చిన ఆ ఫలితాల్లో నాకు నచ్చిన విషయం ఒకటుంది. స్కాట్ పైన ఉండగానే ఫ్లూ టీకా వేయించుకున్నాడు. అది భూమ్మీద పనిచేసినట్టే పనిచేసింది. అంటే కాపలా పూర్తిగా కూలిపోలేదు. జన్యువుల పనితీరులో వచ్చిన మార్పుల్లో 90 శాతానికి పైగా ఆరు నెలల్లో మామూలుకొచ్చాయి. కానీ దిగిన కొత్తలో అతనికి పరుపు తగిలినచోట చర్మం దద్దుర్లు తేలింది. కాళ్ళు వాచాయి. ఏడాదిపాటు దేనికీ ఆనుకోని చర్మం అది మరి.

ఈ శాంపిళ్ళు తేవడం కూడా ఒక పెద్ద పని. వ్యోమగాములు తమ రక్తం తామే తీసుకుంటారు. కొన్ని శాంపిళ్ళని గడ్డకట్టించి దాస్తారు. బతికున్న కణాల్ని చూడాలంటే మాత్రం వాహనం కిందికి బయల్దేరేముందు తీసి, కజకిస్తాన్‌లో సోయుజ్ దిగగానే విమానమెక్కించి రెండు రోజుల్లోపే హ్యూస్టన్ చేర్చేవారు. మేం ట్రామ్‌లో దాటొచ్చిన ఆ మామూలు భవనాల దగ్గరికి.

మరీ శుభ్రమైన ఇల్లు

అంతరిక్ష కేంద్రం అంటే దుమ్మూ ధూళీ లేని చోటు. అంతకన్నా ఆరోగ్యం ఏముంటుంది అనిపిస్తుంది కదా. 2025లో ఒక పరిశోధన వచ్చింది. వ్యోమగాములు కేంద్రంలో 803 చోట్ల దూదిపుల్లలతో తుడిచి శాంపిళ్ళు పంపారు. దొరికిన సూక్ష్మజీవులు ఎక్కువగా మనిషి చర్మం నుంచి రాలినవే. మట్టిలో, నీళ్ళలో, చెట్లమీద ఉండేవి దాదాపు లేవు. మన కాపలావాళ్ళు చురుగ్గా ఉండాలంటే రకరకాల మంచి సూక్ష్మజీవులతో పరిచయం ఉండాలి. అందుకే మరీ తుడిచిపెట్టడం కంటే, తోటపనిలో చేతికి మట్టి తగిలినట్టు కొంత వైవిధ్యాన్ని పైకి పంపడం మేలేమోనని ఆ శాస్త్రవేత్తలు అన్నారు. చింటూ ఆ మాట వినగానే వాళ్ళమ్మ వైపు చూశాడు. వదిన "ఆ రూలు మన ఇంట్లో లేదు" అని ముందే చెప్పేసింది.

మందు పేరు: ఇంటి ఫోన్

నన్ను బాగా కదిలించిన సంగతి ఇది. క్రూషన్, అతని బృందం 2020లో ఒక వ్యాసం రాశారు. అంతరిక్ష కేంద్రంలో తొలి ఏళ్ళతో పోలిస్తే తర్వాత వెళ్ళినవాళ్ళలో ఒత్తిడి హార్మోన్లు తగ్గాయి. వైరస్‌లు లేవడమూ తగ్గింది. ఏం మారింది? కొత్త టీకా వచ్చిందా, అద్భుతమైన మాత్ర కనిపెట్టారా? అవేవీ కాదు. కేంద్రం పెద్దదైంది. వ్యాయామానికి మంచి పరికరాలొచ్చాయి. సరుకుల వాహనాలు ఎక్కువై తాజా తిండి అందింది. ఇంట్లోవాళ్ళతో మాట్లాడే అవకాశం పెరిగింది.

మన అమ్మమ్మలు చెప్పే జాబితాకీ దీనికీ తేడా ఏముంది? వేళకి తిను, ఒళ్ళు వంచు, నిద్రపో, ఫోన్ చెయ్యి. అదే జాబితా రక్తపరీక్షల్లో రుజువై నిలబడింది.

భయం కూడా అక్కడే ఉంది. అంగారకుడికి వెళ్ళడానికే ఆరు నుంచి తొమ్మిది నెలలు. తాజా పళ్ళు మోసుకెళ్ళే సరుకుల వాహనం రాదు. మాట ఒక వైపు చేరడానికే కొన్నిసార్లు 20 నిమిషాలు దాటుతుంది. ఇంటివాళ్ళతో ఫోన్ సంభాషణ అనేదే ఉండదు, వాయిస్ మెసేజ్‌లే దిక్కు. జబ్బుచేస్తే వెనక్కి తిరిగొచ్చే దారి లేదు. కేంద్రంలో పనిచేసిన మందుల్లో చాలావరకు అక్కడ చేతికందవు. రాకెట్ల గురించి ఎంత మాట్లాడుకున్నా, అంగారక యాత్రలో ముందు తేలాల్సిన లెక్కల్లో మనిషి రక్తంలోని ఈ చిన్న కాపలావాళ్ళ లెక్క ఒకటి. ఒక్కరికి కళ్ళ దగ్గర అక్కి లేస్తే చూపే పోవచ్చు. అప్పుడు అన్నివైపులా చీకటి, దగ్గర్లో హాస్పిటల్ లేదు.

మనకి మాత్రం ఉంది. అక్కి పొక్కులు కనిపిస్తే మూడు రోజుల్లోపు మందు మొదలెడితే బాగా పనిచేస్తుంది. ఆలస్యమైతే పొక్కులు తగ్గినా నొప్పి నెలలు వేధిస్తుంది. మా అమ్మని వేధించింది. 50 దాటినవాళ్ళకి టీకా మన దగ్గరా దొరుకుతోంది, మీ డాక్టర్ని అడగండి. ఇంట్లో ఎవరైనా హాస్పిటల్లో ఉంటే, రాత్రి కాపలా ఒక్కరి మీదే వదిలెయ్యకుండా వంతులు వేసుకోండి. అది ఏ టీకాకీ తక్కువ కాదు.

వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు

సొంత కారో, క్యాబో తప్పనిసరి. సిటీ బస్సుల్ని నమ్ముకుంటే రోజు సగం దారిలోనే పోతుంది. టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. ట్రామ్ టూర్లకి, ముఖ్యంగా అపోలో కంట్రోల్ గదికి, సీట్లు తక్కువ. పొద్దున వెళ్ళగానే ముందు ఆ సంగతి చూసుకోండి. ఎండాకాలమైతే నీళ్ళ సీసా, టోపీ మర్చిపోవద్దు. అక్కడి ఉక్కపోత మన విశాఖని గుర్తుచేస్తుంది. రాకెట్ పార్కులో పడుకోబెట్టిన సాటర్న్ 5 రాకెట్‌ని చివరిదాకా నడిచి చూడండి. 110 మీటర్లు, ఫోన్‌లో ఒక్క ఫొటోలో పట్టదు. సాయంత్రం ఓపికుంటే దగ్గర్లోనే కెమా బోర్డ్‌వాక్, సముద్రపు గాలి.

హ్యూస్టన్ దాకా వెళ్ళలేనివాళ్ళకి కూడా ఒకటుంది. నాసాది 'స్పాట్ ది స్టేషన్' అని యాప్ ఉంది. అంతరిక్ష కేంద్రం మీ ఊరి మీంచి ఎప్పుడు వెళ్తుందో చెప్తుంది. తెల్లవారుజామునో, పొద్దుగూకాకో మేడ మీద నిలబడితే చాలు. మినుకుమినుకు అనకుండా నిలకడగా జారిపోయే ఒక చుక్క, నాలుగైదు నిమిషాలు కనిపిస్తుంది. ఆ చుక్కలో ఎవరో ఒకరు తమ రక్తం తామే తీసుకుని సీసా మీద పేరు రాసుకుంటూ ఉండొచ్చు. ఈసారి చూడ్డానికి మేడెక్కేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళనీ పిలవండి. వాళ్ళకి చూపించినట్టూ ఉంటుంది, రాత్రి ఎలా నిద్రపడుతోందో అడిగినట్టూ ఉంటుంది.